కొటియా లెక్క వేరు, కౌంటర్ లెక్క వేరు

కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకీ, పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానికీ నడుమ కొండల మీద 21 ఊళ్లున్నాయి. కొటియా ఊళ్లంటారు. మావంటే మావని రెండు రాష్ట్రాలూ 1968 నుంచి సుప్రీంకోర్టు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. తగాదా ఎటు తేలినా అక్కడి ఇళ్లలో రెండు వైపుల రేషన్ కార్డులూ, ఓటరు కార్డులూ కనిపిస్తాయి. వాటిని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. ఇద్దరు పెట్టే చోట ఇద్దరి దగ్గరా తినడంలో తప్పేముంది?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం తెలుగిళ్లలో ఈ బుద్ధి కొంచెమైనా లేనివాళ్లు తక్కువ. చదువు కటక్ బోర్డులో, పెళ్లి శ్రీకాకుళంలో, ఆసుపత్రి విశాఖలో, ఉద్యోగం హైదరాబాదులో. ఒక కాగితం పనిచేయని చోట ఇంకోటి తీస్తాం. అందుకే విదేశంలో స్థిరపడ్డ పిల్లల మాటొస్తే పెద్దవాళ్లు గర్వంగా అంటారు: ‘‘మావాడికి డబుల్ సిటిజన్‌షిప్పండీ, రెండు పాస్‌పోర్టులూ ఉన్నాయి.’’

ఆ మాటతోనే నా పేచీ. రెండు రేషన్ కార్డులుంటే రెండు మూటల బియ్యం వస్తాయేమో గానీ, రెండు పాస్‌పోర్టులుంటే వచ్చేది రెండు జతల బాధ్యతలు. ఒక్కో దేశమూ ‘నువ్వు నావాడివే, రెండోది నాకు తెలీదు’ అంటుంది. ఆ రెండు దేశాల్లో ఒకటి ఇండియా అయితే లెక్క ఇంకా సూటి: రెండో పౌరసత్వం తీసుకున్న రోజే భారత పాస్‌పోర్టు చెల్లకుండా పోతుంది. ఈ సంగతి తెలియక విమానాశ్రయం కౌంటర్ దగ్గర నిలబడిపోయినవాళ్ల తప్పు తెలివితక్కువతనం కాదు, కొటియా లెక్కను కౌంటర్‌కి తీసుకెళ్లడం.

ముందు చట్టం సంగతి. రాజ్యాంగం 9వ అధికరణ, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ఒకే మాట చెబుతాయి: తనంతట తాను ఇంకో దేశపు పౌరసత్వం తీసుకున్న మనిషి ఆ క్షణం నుంచి భారత పౌరుడు కాడు. ఎవరూ నోటీసు ఇవ్వరు, రద్దు చేసినట్టు ఉత్తరం రాదు. అమెరికాలో ప్రమాణం చేసి బయటికొచ్చేసరికే ఇక్కడిది అయిపోయింది. చేతిలో నీలిరంగు భారత పాస్‌పోర్టు ఇంకా ఆరేళ్లు గడువుతో మెరుస్తూ ఉండొచ్చు. అది ఇక ప్రయాణానికి పనికిరాని పుస్తకం. దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. 2010 జూన్ 1 తర్వాత విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లను ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకి అర్జీ పెట్టినా, ఇండియా వీసాకి పెట్టినా మొదట అడిగేది ఆ సర్టిఫికెట్టే.

మరి ఓసీఐ? పేరులో ‘సిటిజన్’ అని ఉంది కదా అంటారు. గొడవంతా ఆ పేరుదే. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో తొలి కార్డులు పంచినప్పుడు మన పత్రికలన్నీ ‘ద్వంద్వ పౌరసత్వం’ అనే రాశాయి. జనం నోట ఆ మాట నిలిచిపోయింది. నిజానికి అది జీవితకాలపు వీసా. ఎన్నిసార్లైనా రావచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు, పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఓటు లేదు. వ్యవసాయ భూమి కొనకూడదు. పరిశోధన, మత ప్రచారం, పర్వతారోహణ, పత్రికా రచన పనులకు విడిగా అనుమతి కావాలని 2021 మార్చి నోటిఫికేషన్ చెప్పింది. 2025 ఆగస్టు నోటిఫికేషన్ ఇంకో మెట్టు ముందుకెళ్లింది: ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరంలో చార్జిషీటు పడినా కార్డు రద్దు చేయొచ్చు. చార్జిషీటు మీద ఊడిపోయేదాన్ని పౌరసత్వం అని ఎలా అంటాం?

‘వీసా’ అని మనసులో తర్జుమా చేసుకుని చూడండి, సగం సందేహాలు వాటంతటవే తీరతాయి. వీసా ఉన్నవాడు ఏ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తాడు? తన దేశపు పాస్‌పోర్టు మీద. వీసా ఉన్నవాడికి ఓటరు కార్డు ఉంటుందా? ఉండదు, ఊళ్లో జాబితాలో పేరుంటే ఫారం 7 ఇచ్చి తీయించాలి. బోండా, డొంగరియా కోందు ఆదివాసుల ఊళ్లకు విదేశీయులు వెళ్లాలంటే కలెక్టరు అనుమతి అడుగుతారు. జయపురంలో పుట్టి పెరిగినవాడైనా చేతిలో అమెరికా పాస్‌పోర్టుంటే ఆ ప్రశ్న అతనికీ వర్తిస్తుంది. లాడ్జిలో దిగితే 24 గంటల్లోగా విదేశీ అతిథి వివరాలు పంపే బాధ్యత లాడ్జి యజమానిది. కాపీలు అడిగితే విసుక్కోకుండా ఇవ్వాలి.

‘ఓసీఐకి ఖర్చెందుకు, పాత ఇండియన్ పాస్‌పోర్టు మీదే వచ్చి పోతే చాలదా’ అనే సలహా మన చుట్టాల్లో ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. రావడం వరకు జరిగిపోవచ్చు. బయటపడేది వెళ్లేటప్పుడు. శంషాబాదులో ఇమిగ్రేషన్ అధికారి భారత పాస్‌పోర్టు తిప్పి చూస్తాడు, అమెరికా వీసా ఉండదు. గ్రీన్ కార్డు అడుగుతాడు, పౌరుడయ్యాక అది అప్పగించేశారు. ‘మరి అక్కడ ఎలా దిగుతారు?’ అనే ఒక్క ప్రశ్నకు జవాబు సంచిలో ఉన్న అమెరికా పాస్‌పోర్టే. అది తీశారా, చెల్లని పాస్‌పోర్టు మీద దేశంలోకి వచ్చానని ఒప్పుకున్నట్టే. విమానం పోతుంది, ఆ తర్వాత సరెండర్ చేసేటప్పుడు అలా తిరిగిన ప్రయాణాల లెక్కన జరిమానా కూడా పడుతుంది. ఓసీఐకి విదేశంలో 275 డాలర్లు, ఇండియాలో అయితే 15,000 రూపాయలు. మిగిల్చింది ఏమిటి?

ఇండియాని పక్కనపెట్టి, నిజంగా రెండు పాస్‌పోర్టులు ఉండే వాళ్ల సంగతి చూద్దాం. మొదట కెనడా వెళ్లి పౌరుడై, ఆ తర్వాత ఉద్యోగరీత్యా అమెరికాకి మారి అక్కడా పౌరసత్వం తీసుకున్న ఇంజినీర్లున్నారు. బ్రిటన్, ఆస్ట్రేలియా రెండూ ఉన్న డాక్టర్లున్నారు. ఆ దేశాలు దీన్ని ఒప్పుకుంటాయి, కానీ షరతు పెడతాయి: మా గుమ్మం దగ్గర మా పాస్‌పోర్టే చూపాలి. అమెరికా పౌరుడు అమెరికాలోకి అమెరికా పాస్‌పోర్టు మీదే రావాలి, దాని మీదే వెళ్లాలి. కెనడా 2016 నవంబరు 10 నుంచి తన ద్వంద్వ పౌరులు కెనడా పాస్‌పోర్టు లేకుండా విమానం ఎక్కకూడదంది, అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. బ్రిటన్ 2026 ఫిబ్రవరి 25 నుంచి గట్టిగా పట్టుకుంది: బ్రిటిష్ పాస్‌పోర్టయినా ఉండాలి, రెండో దేశపు పాస్‌పోర్టుతో పాటు బ్రిటన్‌లో ఉండే హక్కుందనే ధ్రువపత్రమైనా ఉండాలి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. బ్రిటిష్ పాస్‌పోర్టు గడువు అయిపోయింది, ‘పోనీలే ఆస్ట్రేలియా పాస్‌పోర్టు మీద ఈటీఏ తీసుకుని వెళ్దాం’ అనుకుంటారు. ఈటీఏ పరాయివాడికి ఇచ్చే అనుమతి. సొంత పౌరుడికి ఇవ్వరు. కెనడా ఈటీఏ, అమెరికా ఎస్టా కూడా అంతే. మీరు ఏ దేశపు పౌరులో ఆ దేశం మిమ్మల్ని అతిథిగా చూడదు. ఇంటివాడు కాలింగ్ బెల్ కొట్టి పర్మిషన్ అడగడమేమిటంటుంది. కాబట్టి రెండు పాస్‌పోర్టులున్నవాళ్లు రెండిటి గడువూ ఒకే క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవాలి. సాధారణంగా గడువు ముగిసిపోయి కనిపించేది వాడకం తక్కువున్నదే, అవసరం పడేదీ అదే.

విమాన ప్రయాణంలో పాస్‌పోర్టు అడిగేవాళ్లు ఇద్దరు, వాళ్ల ప్రశ్నలు వేరు. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే. విమాన కంపెనీ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు చూసేది ముందుకు: దిగే దేశం ఈ మనిషిని రానిస్తుందా లేదా. వాళ్ల తెర మీద టైమాటిక్ అనే పట్టిక ఉంటుంది. పాస్‌పోర్టు ఏ దేశానిదో కొడితే ఏ వీసా కావాలో చెబుతుంది. కాగితాల్లేని మనిషిని మోసుకొస్తే కంపెనీకి లక్షల్లో జరిమానా గనక వాళ్లు దయాదాక్షిణ్యాల జోలికి పోరు. ఇమిగ్రేషన్ అధికారి చూసేది వెనక్కి: ఈ మనిషి మా దేశంలోకి ఏ పాస్‌పోర్టు మీద వచ్చాడు, ఉండాల్సినన్నాళ్లే ఉన్నాడా. కాబట్టి కౌంటర్‌లో చూపాల్సింది దిగే దేశం రానిచ్చే పాస్‌పోర్టు. ఇమిగ్రేషన్‌లో చూపాల్సింది ఈ దేశంలోకి వచ్చేటప్పుడు చూపిన పాస్‌పోర్టు.

కెనడా, అమెరికా రెండూ ఉన్న మనిషి బరంపురం వచ్చి తిరిగి టొరంటో వెళ్తున్నాడనుకుందాం. ఓసీఐ అమెరికా పాస్‌పోర్టు మీద ఉంది. శంషాబాదు కౌంటర్‌లో కెనడా పాస్‌పోర్టు చూపి బోర్డింగ్ పాసు తీసుకున్నాడు. ఇమిగ్రేషన్‌లో అమెరికా పాస్‌పోర్టూ, ఓసీఐ కార్డూ. నడుమ దోహాలోనో దుబాయిలోనో విమానం మారితే బయటికి రానంతవరకు చింతలేదు. ఇందులో చట్ట విరుద్ధం ఏదీ లేదు, దాచాల్సిందీ లేదు. కౌంటర్‌లోనే ‘నాకు రెండు పాస్‌పోర్టులున్నాయి, ఇండియాలోకి దీని మీద వచ్చాను’ అని చెప్పేయాలి. ప్రయాణికుల వివరాలు ముందుగానే దేశాలకు వెళ్లిపోతాయి; ఒక నంబరు వెళ్లి ఇంకో పుస్తకం కనిపిస్తే అడుగుతారు, చెబితే వింటారు. అడగకముందు దాచితేనే అనుమానం. మనవాళ్లు చాలామంది రెండోది సాక్సుల్లో దాచినంత భయంగా దాస్తారు, ఎందుకో.

ఓసీఐ ఏ పాస్‌పోర్టు మీద తీసుకున్నారో ఇండియాకి దాని మీదే రావడం మంచిది. కార్డు మీద ఆ నంబరే ముద్రించి ఉంటుంది. కొత్త పాస్‌పోర్టు వచ్చినప్పుడల్లా కార్డు మార్చాలనే పాత భయం 2021 ఏప్రిల్ నుంచి లేదు. 20 ఏళ్ల లోపు ఓసీఐ తీసుకున్నవాళ్లు 20 దాటాక వచ్చే మొదటి పాస్‌పోర్టుకి ఒక్కసారి కార్డు మార్చుకుంటే చాలు. 20 లోపు పిల్లలకు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ, 50 దాటినవాళ్లకు ఒక్కసారీ, పాస్‌పోర్టు కాపీ, ఫొటో మూడు నెలల్లో పోర్టల్‌లో ఎక్కించాలి, దీనికి డబ్బు తీసుకోరు. పాత పాస్‌పోర్టు కూడా మోసుకు తిరగాలన్న నియమం 2021 మార్చిలోనే పోయింది. అయినా మోస్తే తప్పులేదు. కొన్ని కౌంటర్లకు కొత్త నియమాలు ఆలస్యంగా చేరతాయి.

యూరప్ మీదుగా వెళ్లేవాళ్లకు కొత్తగా ఒకటి వచ్చింది. షెంగెన్ దేశాల్లో 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలతో రాకపోకల నమోదు మొదలైంది. యూరప్ పౌరసత్వం కూడా ఉన్న మనిషి మర్చిపోయి అమెరికా పాస్‌పోర్టు చూపితే, యంత్రం అతన్ని అతిథిగా రాసుకుని 180 రోజుల్లో 90 రోజులే ఉండాలనే లెక్క మొదలుపెడుతుంది. స్టాంపు అయితే ఏదోలా మసకబారేది.

ఇక అసలు బరువైన విషయం, మన సరిహద్దుది, పేరు.

రెండు పాస్‌పోర్టుల్లో ఒకే పేరు ఉంటే పైన చెప్పినదంతా పావుగంట పని. టికెట్ ఒక పేరు మీదే ఉంటుంది గనక రెండు పుస్తకాల్లో రెండు పేర్లుంటే అక్కడికక్కడే ఆగిపోతుంది. తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందుంటుంది. ఒడిశా బడిలో పేరు నమోదు చేసే మాస్టారికి ఇంటిపేరు చివర ఉండడం అలవాటు. ఒకే మనిషి మెట్రిక్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా మారి ముందు నిలుస్తుంది, ఆధార్‌లో పూర్తిగా విడిపోతుంది, పాస్‌పోర్టులో ‘రావు’ ఒక్కటే సర్‌నేమ్ గడిలో కూర్చుంటుంది. దానికి తోడు ఒడియా నోట వకారం బకారమవుతుంది. తెలుగు వెంకట జనన ధ్రువపత్రంలో బెంకట, విష్ణు బిష్ణు, వాసుదేవ బాసుదేబ. ఇంగ్లీషులో రాసేసరికి మొదటి అక్షరమే మారిపోతుంది. మన చెవికి అది యాస. వాషింగ్టన్‌లోనో లండన్‌లోనో కాగితం చూసే గుమాస్తాకి వీళ్లిద్దరూ వేర్వేరు మనుషులు.

ఊరి పేరుకీ ఇదే తిప్పలు. పాత పాస్‌పోర్టులో పుట్టిన ఊరు బర్హంపూర్, కొత్త కాగితాల్లో బ్రహ్మపూర్. రాష్ట్రం 2011 వరకు ఒరిస్సా, ఆ తర్వాత ఒడిశా. తాతల కాగితాలు తీస్తే ఇంకా విచిత్రం. ఓసీఐకి మునిమనవల వరకు అర్హత ఉంది గనక, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు తాతముత్తాతల కాగితాలు వెతుకుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ. జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకి వచ్చింది, టెక్కలి, పాతపట్నం అటు మద్రాసులోనే ఉండిపోయాయి. ముత్తాత కాగితం మీద ‘విశాఖపట్నం జిల్లా, మద్రాసు’ అని ఉండి, తాత కాగితం మీద ‘కొరాపుట్, ఒరిస్సా’ అని ఉంటే, ఊరు మారలేదు, జిల్లానే మారిందని అవతలివాడికి ఎవరు చెప్పాలి? మీరే చెప్పాలి. అర్జీతో పాటు అర పేజీ వివరణ: ఈ ఊరు ఫలానా తేదీ వరకు ఫలానా జిల్లా, ఆ తర్వాత ఫలానా రాష్ట్రం. తేదీలు వేసి సంతకం పెట్టండి. అర్జీ తిరిగొచ్చాక రాసే పది ఈమెయిళ్ల కంటే ముందు జతచేసిన ఆ అర పేజీ మేలు.

సరిచేసుకునే వరుస కూడా ఉంది, తలకిందులుగా చేస్తే పని రెట్టింపవుతుంది. మొదట జనన ధ్రువపత్రం, మెట్రిక్ సర్టిఫికెట్ ఒకే పేరుకి తేవాలి. తర్వాత ఆధార్, పాన్. ఆ తర్వాతే భారత పాస్‌పోర్టు. పాస్‌పోర్టుకి 2018 నుంచి దేశంలో ఎక్కడి నుంచైనా అర్జీ పెట్టొచ్చు గనక భువనేశ్వరే వెళ్లాలని లేదు, విశాఖ దగ్గరైతే విశాఖ. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదలకండి. వదిలితే అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్ గడిలోకి పోయి, అసలు పేరు స్థానంలో ‘ఎఫ్ ఎన్ యూ’ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. ఆ మూడక్షరాలు డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంటాడతాయి. దుబాయి వైపు ఇంకా కఠినం: 2022 నవంబరు నుంచి ఒంటి పేరున్న పాస్‌పోర్టుకి విజిట్ వీసా ఇవ్వడం మానేశారు.

అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు పేరు మార్చుకునే వీలుంటుంది, పొడుగు ఇంటిపేరు కోసేయాలనే సరదా అక్కడే పుడుతుంది. కోసుకోండి, మీ ఇష్టం. కానీ పేరు మార్పు కాగితం ఒరిజినల్ జీవితాంతం దాచాలి. ఓసీఐ పాత పేరు మీద, పాస్‌పోర్టు కొత్త పేరు మీద ఉంటే ప్రయాణానికి ముందే ఓసీఐలో పేరు మార్పించాలి. దానికి 25 డాలర్లు, ఇండియాలో 1,400 రూపాయలు. ఒడిశాలో ఉన్న పొలం పట్టా మాత్రం పాత పేరుతోనే ఉంటుందని గుర్తుంచుకోండి.

పిల్లల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చట్టంలో నిజంగా రెండు పౌరసత్వాలకు దగ్గరగా వచ్చే చోటు అదొక్కటే. విదేశంలో భారత పౌరులకు పుట్టిన బిడ్డను ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో నమోదు చేస్తే, వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసిచ్చిన మీదట, భారత పౌరసత్వం వస్తుంది. పుట్టిన దేశం కూడా తన పౌరుడంటే బిడ్డకు రెండూ ఉన్నట్టే. అయితే 18 నిండిన ఆరు నెలల్లోగా ఆ రెండోది వదులుకోకపోతే భారత పౌరసత్వం పోతుంది. ఆచరణలో మనవాళ్లలో ఎక్కువమంది ఈ దారి పట్టరు. బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు తీసి ఓసీఐ చేయిస్తారు. అదే సులువు కూడా.

సులువు కానిది, ఓసీఐ రాకముందే టూరిస్టు ఈ-వీసా మీద బిడ్డను తెచ్చి బరంపురంలో అమ్మమ్మ దగ్గర వదిలేయడం. ఐదేళ్ల వీసా అని చూసి ఐదేళ్లూ ఉండొచ్చనుకుంటారు. అమెరికా, బ్రిటన్, కెనడా, జపాన్ పాస్‌పోర్టులకు ఒక్కోసారి 180 రోజులు, మిగతా చాలా దేశాలకు 90. బిడ్డ నడక నేర్చేసరికి గడువు దాటిపోతుంది. తిరుగు ప్రయాణం రోజు కౌంటర్‌లో తెలుస్తుంది, ముందు విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) వారి ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో జరిమానా కట్టి ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలని. ‘ఇక్కడే ఉండి ఓసీఐ చేయించేద్దాం’ అన్నా కుదరదు. ఇక్కడ ఓసీఐ అర్జీకి టూరిస్టు వీసా పనికిరాదు. అక్కడి నుంచి బయల్దేరకముందే కార్డు చేతిలో ఉండాలి. అర్జీలు తిరిగొచ్చే కారణాలు కూడా చిన్నవే: ఫొటో చదరంగా లేకపోవడం, వెనక తెల్లగా ఉండడం, సంతకం పెట్టె నిడివి ఎత్తుకు మూడు రెట్లు లేకపోవడం, తల్లిదండ్రుల్లో ఒకరు సంతకం మర్చిపోవడం.

16 లోపు అమెరికా పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే నడుస్తుంది. ఇండియాలో ఉండగా గడువు వస్తే, ఒడిశా హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది, కోల్‌కతా పరిధిలోకి కాదు. సిరొంచ, దెగ్లూరు, బిలోలి వైపు తెలుగువాళ్లకి హైదరాబాదు ఎంత దగ్గరైనా, మహారాష్ట్ర కాబట్టి వాళ్ల పరిధి ముంబయి. బిడ్డను స్వయంగా తీసుకెళ్లాలి, తల్లిదండ్రులిద్దరూ రావాలి; రాలేనివాళ్లు నోటరీ చేయించిన సమ్మతి పత్రం పంపాలి. అమ్మమ్మ, తాతయ్య ఎంత ప్రేమగా పెంచినా ఆ సంతకం పెట్టలేరు. బిడ్డతో విమానం ఎక్కే పెద్దవాళ్ల దగ్గర కూడా ఇద్దరి సమ్మతి పత్రం, జనన ధ్రువపత్రం ఉండాలి.

ఇంకో తిరకాసు. ఓసీఐ ఉన్న దంపతులు ఇక్కడికొచ్చి ఉండగా బరంపురం ఆసుపత్రిలో బిడ్డ పుడితే, ఆ బిడ్డ భారత పౌరుడు కాడు. 2004 డిసెంబరు 3 తర్వాత ఇక్కడ పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల్లో కనీసం ఒకరైనా భారత పౌరులై ఉండాలి. తాతల ఊళ్లో పుట్టిన పసివాడికి తాతల దేశంలో వీసా కూడా లేదన్నమాట. ముందు తల్లిదండ్రుల దేశపు కాన్సులేట్ నుంచి పాస్‌పోర్టు, తర్వాత ఇక్కడ ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ నుంచి బయటికి వెళ్లే అనుమతో, ఓసీఐయో. కానుపు తేదీ చూసుకుని టికెట్లు తీసుకునేవాళ్లు ఈ రెండు పనులకూ వారాలు కలుపుకోవాలి.

ఇక ఆపద. ఆపదలో రెండు రాయబార కార్యాలయాలు వస్తాయనే ధీమా కూడా కొటియా లెక్కే. ఒక దేశపు పౌరుడికి, అతను పౌరుడే అయిన ఇంకో దేశంలో, మొదటి దేశం దౌత్య రక్షణ ఇవ్వకూడదని 1930 హేగ్ ఒప్పందంలోనే రాసుకున్నారు. కెనడా-అమెరికా మనిషి అమెరికాలో ఇరుక్కుంటే కెనడా చేయగలిగింది తక్కువ. బాధ్యతలు మాత్రం సముద్రాలు దాటి వస్తాయి. అమెరికా పౌరుడు రాయగడలో కూర్చుని సంపాదించినా అమెరికాకి పన్ను లెక్క చెప్పాలి; బయటి బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే విడిగా ఇంకో ఫారం. అమ్మ పేరుతో కలిపి ఉన్న జాయింట్ ఖాతా కూడా అందులోకే. ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ప్రవాసుల ఖాతాగా (ఎన్‌ఆర్‌ఓ) మార్చాలనే నియమం సరేసరి.

ఇంత చెప్పాక ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2025 జనవరి నుంచి శంషాబాదులో ముందుగా నమోదు చేసుకున్నవాళ్లకు ఈ-గేట్లు వచ్చాయి. అందులో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లతో పాటు ఓసీఐవాళ్లనూ చేర్చారు. ఉచితం, ఒకసారి వేలిముద్రలు, ముఖం ఇస్తే ఐదేళ్లు, లేదా పాస్‌పోర్టు గడువు వరకు. వరసలో నిలబడ్డంత సేపు మాత్రం ఓసీఐ నిజంగానే పౌరసత్వంలా అనిపిస్తుంది.

ఆ అనుభూతి ఊరికి వచ్చేసరికి పోతుంది. నాన్న పోయాక ఛత్రపురం దగ్గరి పొలం వారసత్వంగా ఓసీఐ కొడుక్కి వస్తుంది, చట్టం అడ్డు రాదు. అమ్మాలంటే ఇక్కడే ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. కానీ గట్టు పక్కన బాబాయి వాటా అర ఎకరం అమ్మకానికి వచ్చి, రెండూ కలిస్తే చక్కని చదరం అవుతుందని తెలిసినా, డబ్బు సంచిలో పెట్టుకుని గట్టు మీద నిలబడినా, ఆ అర ఎకరం కొనే హక్కు అతనికి లేదు. తహసీలు ఆఫీసులో ఏ కార్డు చూపినా లేదు.